తీగ లేని గోడ

మా మరదలు కందిరీగ నా నోటి దగ్గర కూడు లాగేసుకుంది. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. ఎందుకంటే పోనుపోను నేను దాన్ని మెచ్చుకుంటున్నట్టు మీకు అనిపిస్తుంది. అప్పుడు నా కడుపుమంట సంగతి మర్చిపోతారు. మర్చిపోవద్దు.

కందిరీగ దాని అసలు పేరు కాదు. చిన్నప్పుడు పీలనడుంతో, ముక్కుమీద కోపంతో ఇల్లంతా జుయ్యిమంటూ తిరుగుతుంటే వాళ్ళ నాన్న అలా పిలిచాడు. పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు దానికి నలభై దాటాయి. నడుమూ అలాగే ఉంది, కోపమూ అలాగే ఉంది.

వాళ్ళ నాన్న మా మామ. గోడలకి సున్నపు గచ్చు పూసి నిగనిగలాడేలా మెరుగు పెట్టే పని ఆయనది. ఆరో తరగతి సగంలో నేను బడి మానేసి ఆయన దగ్గర సున్నం తట్ట ఎత్తాను. "వీడి తలకేదీ ఎక్కదమ్మా" అని లెక్కల మాస్టారు మా అమ్మతో అంటే, "తలకెందుకు, చేతికెక్కితే చాలు" అని మామ నన్ను వెంటబెట్టుకుపోయాడు. తర్వాత ఆయన పెద్ద కూతుర్నే చేసుకున్నాను. అంటే ఇంటా బయటా ఆయన కిందే. ముప్ఫై ఏళ్ళు ఆయన ఎక్కమన్న పరంజా ఎక్కాను, దిగమన్నప్పుడు దిగాను. ఇంత చాకిరీ చేసినవాడికి ఒక ఆశ ఉంటుంది కదా. నా ఆశ మామ దొడ్డి.

దొడ్డి అంటే ఏదో తోట అనుకునేరు. రెండిళ్ళ మధ్య జాగా. చుట్టూ ప్రహరీ, ఒక మూల రేకుల షెడ్డు, నడుమ సున్నం గుంట. విలువంతా ఆ గుంటదే. కాల్చిన సున్నపురాయిని నీళ్ళలో వేస్తే కుతకుతా ఉడికి, పగిలి, ముద్దవుతుంది. వెంటనే తీసి పూశామా, గోడ నిండా పొక్కులే. దాన్ని గుంటలో పోసి, పైన జానెడు నీళ్ళు నిలబెట్టి, గాలి తగలకుండా ఏళ్ళ తరబడి వదిలెయ్యాలి. మా మామ వాళ్ళ తాత తవ్విన గుంట అది. ఏనాడూ అడుగు కనబడేదాకా తోడింది లేదు. ఒక పక్క కొత్తది పోస్తూ, ఇంకో పక్క పాతది తీస్తూ వచ్చారు. ఆ సున్నాన్ని వేళ్ళ మధ్య నలిపితే మీగడ. గోడకి పెడితే అంటుకుని కూర్చుంటుంది, పో అన్నా పోదు. దుకాణాల్లో సంచుల్లో అమ్మేది కూడా సున్నమే అంటారు. అననివ్వండి.

ఆ షెడ్డులో ఒక అద్దం ఉండేది. ఏదో పాత దుకాణం తలుపుది, నిలువెత్తుది, చట్రంతో సహా నేలలో పాతారు. పని నేర్చుకునేవాడు గోడని ముట్టుకునే ముందు ఆ అద్దానికి పూయాలి. పూయి, గీకెయ్యి, మళ్ళీ పూయి. గోడకి పూస్తే ముందువైపే కనబడుతుంది. అద్దానికైతే వెనక్కి వెళ్ళి చూడొచ్చు. లోపల గాలి ఎక్కడ చిక్కింది, పట్టు ఎక్కడ తప్పింది, అంతా బయటపడుతుంది. ముందునుంచి మల్లెపువ్వులా ఉన్న నా పూత వెనకనుంచి చెదలు తిన్న చెక్కలా ఉండేది.

నేను ముందు నిలబడి చెమటలు కక్కుతూ పూస్తుంటే, అద్దం వెనక కందిరీగ పీట వేసుకుని కూర్చునేది. అప్పటికి దానికి పాలపళ్ళయినా ఊడలేదు.

"బావా, గాలి! ఇదిగో ఇక్కడ. ఇక్కడ కూడా. అయ్యో, బావ పూతకి పిప్పిపళ్ళు!"

అది నవ్వే చోట గబుక్కున తాపీతో సున్నం కొట్టేవాణ్ణి, మొహం కనబడకుండా. అది పక్కకి జరిగి ఇంకో సందులోంచి నవ్వేది. మామ దాన్ని ఏమీ అనేవాడు కాదు. ఆడపిల్లకి పని నేర్పే ఉద్దేశం ఆయనకి లేదు. కూర్చుంటే కూర్చుందిలే, వీధిలో పడి తిరక్కుండా ఉంటుందని వదిలేశాడు.

అది పెద్దదైంది, పెళ్ళి చేసుకుని లారీ నడిపే మొగుడితో వేరే ఊరు పోయింది. కొన్నేళ్ళకి కబురొచ్చింది, అక్కడ సంచి సున్నంతో పాత ఇళ్ళకి గచ్చు పనులు పట్టుకుంటోందని. మామ పెద్దగా నవ్వాడు. "అది ఎడంచేతివాటం మనిషి. ఎడంచేత్తో గోడేమిటి, గోడకి తల తిరగదూ?" అన్నాడు. నేనూ నవ్వాను. ఆయన నవ్వితే నేను నవ్వడం నా ఉద్యోగంలో భాగం.

ఇక తీగ సంగతి చెప్పాలి. మామ పనికి అదొక గుర్తు. చిన్న గదుల్లో ఉండదు గానీ, పెద్ద గోడ ఏది చేసినా నట్టనడుమ కిందినుంచి పైదాకా ఒక తీగ పాకేది. సున్నంతోనే, ఉబ్బెత్తుగా, ఆకులతో, మొగ్గలతో. ముందు తీగ వేసి ఆరబెట్టేవాళ్ళం. తర్వాత దానికి ఇటువైపు ఆయన, అటువైపు నేను మెరుగు పూత లాగేవాళ్ళం. తీగ చూడగానే జనం ఫలానా వాళ్ళ పని అని చెప్పేసేవాళ్ళు. తీగ పనిలో నేను ఆయన్ని మించిపోయాను. ఇది నా డప్పు కాదు, ఆయనే అన్నాడు. నా ఆకులకి ఈనెలుంటాయి.

కిందటేడు ఒక డాన్సు టీచరమ్మ వచ్చింది. పాత గిడ్డంగి ఒకటి కొని డాన్సు బడి పెడుతోంది. ముప్ఫై అడుగుల పొడుగు గోడ, ఎటు చూసినా ఒక్క కిటికీ లేనిది, దానికి మెరుగు గచ్చు కావాలంది.

"అద్దాలు పెట్టించుకోవచ్చు కదమ్మా," అన్నాను. వచ్చిన బేరాన్ని చేతులారా చెడగొట్టుకోవడం నాకు పుట్టుకతో అబ్బిన విద్య.

"అద్దం పెడితే పిల్లలు మొహాలే చూసుకుంటారు మేస్త్రి గారూ. జుట్టు చెదిరిందా, మొటిమ కనబడుతోందా అని. మీ గోడలో మొహం మసకేస్తుంది, ఒళ్ళు మాత్రం తెలుస్తుంది. నడుం వంగిందా, మోచెయ్యి జారిందా, అంతవరకే కావాలి నాకు."

ఇన్నేళ్ళలో మా గోడ గురించి అంత మంచి మాట అన్నవాళ్ళు లేరు. నేను మెత్తబడ్డాను.

"ఒక్కటే షరతు. నడుమ ఆ తీగ వద్దు. ఈ చివరినుంచి ఆ చివరికి ఖాళీగా ఉండాలి. తీగ ఉంటే పిల్లలు సరిగ్గా అక్కడికొచ్చి అడుగు తప్పుతారు."

"దానికేం భాగ్యం," అనేశాను.

ఇంటికొచ్చి మామతో చెప్పాను. అప్పటికి ఆయన మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. పరంజా మాట అటుంచి, గడప దాటాలన్నా ఎవరో ఒకరు జబ్బ పట్టుకోవాలి. తండ్రిని చూసిపోదామని కందిరీగ వచ్చి ఉంది. గుమ్మంలో కూర్చుని ఆయన మోకాళ్ళకి కట్టే గుడ్డలు మడతపెడుతోంది.

"తీగ మానేస్తే ఎక్కడ ఆగుతావు అల్లుడూ?" అన్నాడు మామ.

"ఆగడం ఎందుకు మామయ్యా?"

ఆయన నావైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. లెక్కల మాస్టారు అలాగే చూసేవాడు.

"బావకి తెలీదు నాన్నా," అంది కందిరీగ గుడ్డలమీంచి తల ఎత్తకుండా. "అందం కోసం అనుకున్నాడు పాపం."

అప్పుడు చెప్పాడు మామ. మెరుగు పూత ఒక్క తడిలో అయిపోవాలి, ఇది నాకూ తెలుసు. తడి అంచు ఆరకముందే పక్క పూత దానికి కలవాలి. ఆరాక కలిపితే ఎంత రుద్దినా అక్కడ గీత పడుతుంది. పదిహేనడుగుల గోడ అయితే ఒక మనిషి ఒక తడిలో లాగేస్తాడు. ముప్ఫై అడుగులకి ఇద్దరు కావాలి. కుడిచేతివాళ్ళం మేమంతా ఎడమనుంచి కుడికే పోతాం, చెయ్యి అటే సాగుతుంది. కాబట్టి ఒకడు ఎడమ చివర మొదలెడితే, రెండోవాడు నడిమిన మొదలెట్టాలి. మొదటివాడు నడిమికి చేరేసరికి రెండోవాడు మొదలెట్టిన అంచు ఎండిపోయి ఎదురుచూస్తుంటుంది. ఇక అక్కడ అతుకు తప్పదు. అందుకని ముందే అక్కడ తీగ నాటి, ఒక గోడని రెండు గోడలు చేశారు మామా, ఆయనకి ముందు వాళ్ళ నాన్నా. తలుపు చట్రం దగ్గర ఆగినట్టు ఇద్దరం తీగ దగ్గర ఆగేవాళ్ళం.

తీగ ఉంది కాబట్టి ఆగుతున్నాం అనుకున్నాను నేను. ఆగాలి కాబట్టి తీగ ఉందని ముప్ఫై ఏళ్ళలో ఒక్కనాడూ తట్టలేదు. ఈనెలు చెక్కుతూ కూర్చున్నాను.

"నడిమినుంచి ఎదురు లాగితే?" అన్నాను. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఏదో ఒకటి అనాలి కదా.

"లాగాను, వయసులో ఉన్నప్పుడు. నా మోచెయ్యి నాకే అడ్డొచ్చింది. ఎవరూ చూడకముందే ఆ గోడ గీకేశాను. తీగ లేకుండా పెద్ద గోడ నా వల్ల కాలేదు అల్లుడూ. మా నాన్న వల్ల కాలేదు. ఆ టీచరమ్మతో పోయి కుదరదని చెప్పెయ్యి."

నాకు రోషం వచ్చింది. "చెప్పను. వేస్తాను."

"వేస్తావా? వెయ్యి. నా వల్ల కాని పని ఎవరి వల్ల అయితే వాళ్ళకే దొడ్డి, గుంటతో సహా."

ఆయన ఆ మాట కోపంలో అన్నాడు. నేను పట్టుకున్నాను. నాతోపాటు ఇంకొకరు కూడా పట్టుకున్నారు.

"నాన్నా, ఆ గుంట నాకు కావాలి," అంది కందిరీగ. "నేనొచ్చింది నీ మోకాళ్ళు చూడ్డానికి మాత్రమే కాదు. సంచి సున్నంతో వేసి వేసి విసిగిపోయాను. నాలుగేళ్ళు తిరక్కుండానే గోడ కళ తప్పుతోంది. చేతిలో పని ఉండి కూడా చెడ్డపేరు మోస్తున్నాను."

"అది నాకు రావాల్సింది," అన్నాను.

"రావాలంటే వేసి చూపించు. ఒక్కడివే వెయ్యి, చూద్దాం." మడిచిన గుడ్డ తండ్రికి అందించి, "నీ వల్ల కాదు. నా వల్లా కాదు. ఇద్దరం అయితే అవుతుంది," అంది.

"ఇద్దరు కుడిచేతివాళ్ళకే కాలేదంటుంటే..."

"నేను కుడిచేతిదాన్నా బావా?"

మామ గుడ్డ చుట్టుకుంటున్నవాడు ఆపేశాడు.

"నడిమినుంచి మొదలెడదాం," అంది అది, ఎడంచేత్తో గాలిలో గీస్తూ. "ఇద్దరం ఒకేసారి, ఒకే తడిలో. నువ్వు నీ చెయ్యి పోయినట్టు కుడికి పో. నేను నా చెయ్యి పోయినట్టు ఎడమకి పోతాను. నడిమిన ఇద్దరి అంచూ అప్పుడే పూసింది, తడి తడిలో కలిసిపోతుంది. తర్వాత మనం కలవాల్సిన పనే లేదు. నువ్వు ఆ గోడమూల దాకా, నేను ఈ గోడమూల దాకా. అతుకెక్కడ?"

నేను మనసులో గోడ గీసుకున్నాను. చెరిపేసి మళ్ళీ గీసుకున్నాను. అతుకు లేదు. ఒళ్ళు మండిపోయింది. ఇంత చిన్న సంగతి! మూడు తరాలు దానిమీద ఆకులు మొలిపించాం.

"ఇద్దరూ చేస్తే దొడ్డి ఎవరిది?" అన్నాడు మామ.

"మంచి సగం ఎవరిదైతే వాళ్ళది," అంది కందిరీగ. "గుంటని సగం సగం కోసుకోలేం కదా."

"సరే," అన్నాను. ఎడంచేతి గోడ ఎలా ఉంటుందో నేను చూడబోతున్నాను కదా అనుకున్నాను.

ఇంట్లో మా ఆవిడకి చెబితే అన్నం వడ్డిస్తూ గరిటె గాల్లో ఆపింది.

"మా చెల్లితో పందెం వేసుకొచ్చారా? దానికి చిన్నప్పుడు మీ వెనకవైపు తెలుసు. ఇప్పుడు పక్కనే నిలబడి చూస్తుంది. ఇంక దాచుకోవడానికి మీకేం మిగిలింది?"

"నువ్వు ఎవరి వైపు?"

"నాకేం. గెలిస్తే నా మొగుడిది, ఓడితే నా చెల్లెలిది. ఎలా చూసినా మా నాన్న సొత్తు గడప దాటదు. కంగారు మీకు, నాకెందుకు?"

కింది పూతలు రెండూ ముందే వేసి ఆరనిచ్చాం. మెరుగు పూత రోజున గిడ్డంగి తలుపులు బిగించి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, నేల కడిగి తడి ఉంచాం. గుంట అడుగునుంచి తెచ్చిన సున్నంలో పాలరాతి పొడి కలిపి, ఉండ చేస్తే విడిపోకుండా, వేలు పెడితే అంటకుండా వచ్చేదాకా ఇద్దరం మార్చి మార్చి పిసికాం. ఆ సున్నాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు కందిరీగ మాట్లాడలేదు. చిన్నపిల్లని ఎత్తుకున్నట్టు కాసేపు పట్టుకుంది. అంతసేపు నోరు మూసుకున్న కందిరీగని నేను అదే చూడ్డం.

నడిమిన పక్కపక్కనే నిలబడ్డాం. దాని ఎడమ తాపీ, నా కుడి తాపీ అంచులు తాకాయి.

"లాగు బావా."

లాగాం. ఒక పూత రెండుగా చీలి అటూ ఇటూ పోతున్నట్టుంది. నేను కుడికి, అది ఎడమకి. మధ్యలో తెల్లటి తడి గోడ పెరుగుతూ పోయింది, ఒక్క గాటు లేకుండా.

మొదట దాన్ని చూడకూడదనుకున్నాను. చూడక తప్పలేదు. ఎందుకంటే చప్పుడు వేరేగా ఉంది. మాకు తాపీ చప్పుడు ముక్కలు ముక్కలుగా వస్తుంది. పై భాగం పరంజా పలక మీద నిలబడి లాగుతాం, తాపీ తీసి, కిందికి దిగి, నడుం ఎత్తునుంచి మళ్ళీ అందుకుంటాం. అందరం అంతే, మామ కూడా. దానిది ఆగని చప్పుడు. తల పైకెత్తి చూస్తే ఏముంది! తాపీ గోడకి ఆనించే ఉంది, ఒళ్ళు మాత్రం కిందికి దిగుతోంది. పలక మీద మోకాళ్ళు వంచి, ఒక కాలు కింద పెట్టుకున్న పీట మీదికి జార్చి, రెండో కాలు నేల మీదికి దించి. చెప్పుల్లేని ఆ పాదాలు చోటు వెతుక్కోలేదు, వాటికి తెలుసు. పైనుంచి కిందిదాకా ఒక్క లాగుడు. చెయ్యి ఒకటే వాలు, ఒకటే బరువు. నీళ్ళు గోడ మీద జారితే అలా జారతాయి.

"ఈ సర్కసు ఎక్కడ నేర్చావే?" అన్నాను.

"మీ అద్దం వెనకే. నువ్వు తాపీ తీసిన ప్రతిచోటా వెనకనుంచి చిన్న మచ్చ కనబడేది బావా. తీసినప్పుడొకటి, పెట్టినప్పుడొకటి. తియ్యకపోతే మచ్చ ఉండదు కదా అనుకున్నా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాగా! గాలి, గాలి అని రోజూ అరిచా. నువ్వు నా మొహాన సున్నం కొట్టావు."

తల గోడవైపు తిప్పుకున్నాను. పని చేశాను.

"ఎడంచేత్తో కూడా అక్కడే నేర్చావా?" అన్నాను కాసేపయ్యాక.

"అద్దానికి అవతల కూర్చుంటే నీ కుడిచెయ్యి నాకు ఎడమవైపే కదా ఉండేది. నువ్వు ఎటు కదిపితే నేనూ అటే కదిపేదాన్ని, గాల్లో. నాకు అదే వీలుగా ఉండేది."

ఇంతలో టీచరమ్మ టీ ఫ్లాస్కుతో తలుపు తోసింది. "తలుపు!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. ఆవిడ టీతో సహా మాయమైపోయింది. గాలి తగిలితే కొంప మునుగుతుంది మరి.

తాపీతో బిగించడం అయ్యాక నున్నటి గులకరాయితో రుద్దాం. తడి గోడ ముందు గరగరమంటుంది, తర్వాత జారుతుంది, ఆ తర్వాత కీచుమని కూస్తుంది. కూత మొదలయ్యాక సబ్బునీళ్ళు అద్ది మళ్ళీ రుద్దడమే. దాని సగం కూత, నా సగం కూత ఒకదానికొకటి బదులిచ్చుకున్నాయి. చివరికి నేను ఈ గోడమూలకి చేరాను, అది ఆ మూలకి చేరింది. అప్పటికి ఇద్దరి చేతులూ తిమ్మిరెక్కి మొండికేశాయి. అంత దూరంనుంచి నావైపు చూసి అది నవ్వలేదు. తల ఊపింది. అది వెక్కిరించి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున మామని కుర్చీతో సహా మోసుకొచ్చాం. మా ఆవిడా వచ్చింది. తలుపులు తెరిచాక వెలుతురు గోడ మీద పడి, గోడలోంచి మళ్ళీ వచ్చినట్టుంది. మామ కళ్ళు నడిమిన వెతుకుతున్నాయి. అలవాటు, తీగ కోసం.

"ఎక్కడ మొదలెట్టారు?"

"నువ్వే కనుక్కో నాన్నా," అంది కందిరీగ.

లేచాడు. చెరో జబ్బ పట్టుకున్నాం. గోరుతో గోడ మీద అడ్డంగా గీస్తూ నడిచాడు, గోరు తట్టుకుంటుందేమో అని. ఆ చివరిదాకా పోయి వెనక్కి వచ్చాడు. మళ్ళీ పోయాడు. చెంప ఆనించాడు. ఆ మోకాళ్ళతోనే, కూర్చోమంటే కూర్చోడు.

"నాకు ఎడంచెయ్యి దొరకలేదు," అన్నాడు చివరికి, ఎవరితోనో చెబుతున్నట్టు. "దొరికితే ఇలా వెయ్యొచ్చని నాకెప్పుడూ తట్టలేదు. మన షెడ్డులోనే పీట మీద కూర్చుని ఉందే!"

కందిరీగ మొహం తిప్పేసుకుంది.

మామ కుర్చీలో కూలబడి, "ఇక చెప్పు అల్లుడూ, ఏ సగం బాగుంది?" అన్నాడు.

"నేనా? మీరు కదా చెప్పాల్సింది."

"నేను దాని తండ్రిని. దానిదంటే కూతురు కాబట్టి అన్నానంటావు. నీదంటే అల్లుడి మొహమాటం అంటుంది అది. గోడ చూడ్డం మా ఇద్దరి తర్వాత తెలిసింది నీకే. నువ్వు చెప్పు."

చూశారా ముసలాయన తెలివి! నా కత్తి నా చేతికే ఇచ్చాడు.

నేను దాని సగం మీద పడ్డాను. మంచి వెతకడానికి కాదు, దేవుడి తోడు, తప్పు వెతకడానికే. అరచెయ్యి ఆనించి పైనుంచి కిందికి జార్చాను, ఎక్కడైనా గట్టు తగులుతుందేమోనని. వేలి మెటికతో కొట్టాను, లోపల బోలుగా మోగుతుందేమోనని. మూలల్లో చూశాను, పని తెలిసినవాడు కూడా మూల దగ్గర బద్ధకిస్తాడు. నేల దగ్గర బోర్లా పడుకుని చూశాను. మా ఆవిడ, "ఏమండీ, అక్కడే పడుకుంటారా?" అంది. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. వెతికే కొద్దీ నాకు కోపం తగ్గిపోతోంది. అది ఇంకా కోపం తెప్పించింది.

ఆఖరికి టీచరమ్మ అడిగిన పని గుర్తొచ్చింది. గోడ అందం కోసం కాదు కదా, మనిషి ఒళ్ళు చూసుకోవడానికి. కందిరీగని ఆ చివరినుంచి గోడ పక్కనే నడవమన్నాను.

నడిచింది. గోడలో కూడా సన్నటి ఆకారం ఒకటి నడిచింది. మొహం మసగ్గా, ఒళ్ళు తిన్నగా. భుజాలు, నడుం, మోకాళ్ళు, ఏదీ వంకర పోలేదు. నడిమి దాటి నా సగంలోకి వచ్చింది. అక్కడ ఆ గోడలోని మనిషికి నడుం ఎత్తున చిన్న పొట్ట మొలిచింది. రెండడుగులు వేస్తే పోయింది. ఇంకో రెండడుగులకి మళ్ళీ వచ్చింది.

"చెల్లికి నాలుగో నెల పెట్టారేమండీ!" అని మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను పలక దిగినప్పుడల్లా తాపీ తీసి మళ్ళీ పెట్టిన చోటు అది. కంటికి ఆనదు. చేతికి ఆనదు. మామ గోరుకి కూడా ఆనలేదు. ముప్ఫై ఏళ్ళుగా నేను వేసిన ప్రతి గోడలోనూ ఆ ఉబ్బు ఉండే ఉంటుంది. దాని పక్కన ఉబ్బు లేని గోడ ఎవరూ వెయ్యలేదు కాబట్టి ఎవరికీ తెలీలేదు.

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. మామ కుర్చీ దూరంగా ఉంది, ఆయన చూపు అంతదాకా ఆనదు. మా ఆవిడకి అది గోడ లోపమో వెలుతురు చిత్రమో తెలీదు. కందిరీగ గోడలోకి చూడటం లేదు, నా మొహంలోకి చూస్తోంది. "రెండూ సమానమే మామయ్యా" అనొచ్చు. అంటే, ముందునుంచీ పని చేసినవాణ్ణి, పెద్దల్లుణ్ణి, దొడ్డి నాకే వచ్చేది.

కానీ ఆ ఎడమ సగం నా ఎదురుగా అలా నిగనిగలాడుతూ నిలబడి ఉంటే, దాని ముందు నిలబడి ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఎవరైనా మనిషి ఎదురుగా ఉంటే అబద్ధం ఆడేసేవాణ్ణేమో.

"దానిదే మామయ్యా," అన్నాను. "నాదానికి నడుం దగ్గర ఉబ్బుంది. దానిది తిన్నగా ఉంది. ఇంత తిన్నటి గోడ నేను పుట్టాక చూడలేదు. మీరు కూడా వెయ్యలేదు."

"నేను వెయ్యలేదు," అన్నాడు మామ.

కందిరీగ నా దగ్గరికొచ్చింది. "బావా, నా సగం ఒక్కటీ ఉంటే అది గోడ కాదు. పెద్ద పని దొరికితే కుడివైపుకి నువ్వు రావాలి. పలక మీంచి దిగడం నేర్పుతా."

"నువ్వు నాకు నేర్పుతావా?"

"ఏం, చిన్నతనమా? ఈసారి మొహాన సున్నం కొట్టకు, అంతే."

నేర్పింది. నేర్చుకున్నాను కూడా, ఈ వయసులో, ఈ పొట్టేసుకుని, పీట మీద కాలు జార్చుకుంటూ. రెండుసార్లు పడ్డాను. తర్వాత వేసిన గోడలో నా సగం ఎలా ఉందో మీరే పోయి చూసుకోండి, నేను చెప్పను. కుడి చివర తడి గోడ మీద నా తాపీ ఆగకుండా కిందికి జారినప్పుడు అవతలి చివరినుంచి అది "ఆఁ, అదీ!" అని అరిచింది. ఆ అరుపు నాకు ముప్ఫై ఏళ్ళ కిందటే వినబడి ఉంటే అనుకున్నాను.

అయినా లెక్క లెక్కే. టీచరమ్మ గోడ అయిన వారమే దొడ్డి కొలిచాం. టేపు ఒక కొస ప్రహరీ మూల అది పట్టుకుంది, రెండో కొస నేను పట్టుకున్నాను. పొడుగు నలభై ఎనిమిది అడుగులు, వెడల్పు ముప్ఫై మూడు. నాకు రావాల్సింది, నాకు కాకుండా పోయింది నూట డెబ్బై ఆరు గజాలు, సున్నం గుంటతో కలిపి.